12 వేలు పెట్టి 50 బ్యాక్‌లింకులు కొనాలా? తెలిసినవాళ్లు చెప్పండి

మిరపచేను:
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. మిరప, పత్తి సాగు మీద తెలుగులో సైట్ నడుపుతున్నాను. మూడేళ్లయింది, 210 వ్యాసాలున్నాయి, అన్నీ నేను రాసినవే, ఫోటోలు మా చేలో తీసినవే. "మిర్చి ఆకు ముడత" అని వెతికితే నా వ్యాసం మూడో పేజీలో ఎక్కడో ఉంటుంది, దాన్నే ముందు పెట్టుకుని చదివి వినిపించిన యూట్యూబ్ వీడియో మాత్రం పైన వస్తుంది. నిన్న ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ చేశారు. 12 వేలకి 50 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి నా సైట్‌కి లింకులు, అన్నీ డీఏ 40 పైన ఉన్న సైట్ల నుంచి, మూడు నెలల్లో మొదటి పేజీ గ్యారంటీ అన్నారు. కొనాలా వద్దా?

పాతకాపు:
వద్దు తమ్ముడూ. గ్యారంటీ అన్న మాట దగ్గరే ఫోన్ పెట్టేయాల్సింది. మొదటి ర్యాంకుకి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సాయం పేజీల్లోనే రాసుకుంది. డీఏ (డొమైన్ అథారిటీ) అంటే ఒక సైట్‌కి ఎంత బలం ఉందో మోజ్ అనే కంపెనీ సొంతంగా వేసుకునే లెక్క, దానితో గూగుల్‌కి సంబంధం లేదు.

నా సంగతి చెప్తాను. 2011లో విజయవాడలో ఒక ట్రావెల్స్ ఆయనకి సైట్ చేసిపెట్టాను. అప్పుడు అందరూ చేసినట్టే డైరెక్టరీల్లో, ఆర్టికల్ సైట్లలో వందల లింకులు పెట్టాను, ప్రతి లింకు మీదా ఒకటే మాట, "విజయవాడ కార్ రెంటల్". ఆరు నెలలు మొదటి స్థానంలో ఉన్నాం. 2012 ఏప్రిల్ 24న ఇలాంటి దొంగ లింకులున్న సైట్లని కిందకి తోసే పెంగ్విన్ అనే మార్పు గూగుల్ తెచ్చింది. వారం తర్వాత ఆయన బుకింగులు రాసుకునే పొడుగాటి పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి పేజీలు తిప్పాడు, తేదీలు వేసి ఉన్నాయి, వాటి కింద ఒక్క పేరు లేదు. లింకులు తీసేయమని ఒక్కో సైట్‌కీ మెయిల్ పెడితే, తీయడానికీ డబ్బులడిగినవాళ్లు ఉన్నారు. వద్దనే లింకుల జాబితాని గూగుల్‌కి ఇచ్చే డిసవౌ టూల్ అక్టోబర్‌లో గానీ రాలేదు. ఇచ్చాక కూడా పెంగ్విన్‌ని మళ్లీ నడిపేదాకా కూర్చోవాలి. ఆయన అంతవరకు ఆగలేదు, రెండు బండ్లు అమ్మేశాడు.

అమీర్‌పేట_కుర్రోడు:
పాతకాపు గారూ, మీరు 2012 దగ్గరే ఆగిపోయారు. 2016 సెప్టెంబర్ నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు అల్గారిథంలో భాగం, ఎప్పటికప్పుడు నడుస్తూనే ఉంటుంది, చెడ్డ లింకుని లెక్కలోంచి తీసేస్తుందే తప్ప సైట్ మొత్తాన్ని కిందకి తొయ్యదు. ఎనిమిదేళ్లుగా నా పని ఇదే. లింకు లేకుండా పోటీ ఉన్న మాటకి పైకొచ్చిన సైట్‌ని నేను చూడలేదు. అసలు గూగుల్ పుట్టిందే లింకుల మీద. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫోర్డ్‌లో చెప్పిందేమిటి, ఒక పేజీకి ఎన్ని మంచి పేజీలు లింకు ఇస్తే అంత విలువ అనేగా.

మిరపచేను అన్నా, ఆ 12 వేల ప్యాకేజీ మాత్రం తీసుకోకు, 50 లింకులు ఆ ధరకి మంచివి రావు. ఐదు మంచి సైట్లు చూసుకుని వాటికే ఆ డబ్బు పెట్టు.

పాతకాపు:
చెడ్డ లింకుని లెక్కలోంచి తీసేస్తుందని నువ్వే అంటున్నావు కదా, మరి ఆ 12 వేలు బూడిదలో పోసిన పన్నీరే కదా? పైగా మాన్యువల్ యాక్షన్ ఇప్పటికీ ఉంది, గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష. సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఆ మెసేజ్ పడ్డవాడికి తెలుస్తుంది ఆ టెన్షన్.

డాలస్_బాబాయ్:
లింకుల సంగతి తర్వాత. మా నాన్న ఫోన్‌లో "mirchi aaku mudatha" అని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు, లేదంటే మైకు నొక్కి మాట్లాడతారు. వ్యాసంలో జనం పిలిచే పేరు ఉందా, శాస్త్రీయ నామమే ఉందా చూసుకో బాబూ.

మిరపచేను:
బాబాయ్, నిజమే. 2021లో మా చేలన్నీ ఊడ్చేసిన నల్ల తామర పురుగు మీద నాలుగు వ్యాసాలు రాశాను, శీర్షికల్లో అన్నిట్లో "త్రిప్స్ పార్విస్పైనస్" అనే పెట్టాను. మా ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు.

అమీర్‌పేట_కుర్రోడు:
శీర్షిక మార్చాల్సిందే, కాదనను, కానీ అదొక్కటే చాలదు. పెద్ద కంపెనీలు చేస్తే ఏమైందో చూడండి. ర్యాప్ జీనియస్ అనే పాటల సైట్‌ని లింకుల కోసం ఎరవేసిందని 2013 క్రిస్మస్ రోజు గూగుల్ కిందకి దింపింది. పది రోజుల్లో తిరిగొచ్చేసింది. శిక్ష చిన్నవాడికే. కనీసం వేరే సైట్లలో ఖాతా తెరిచి పెట్టుకునే ప్రొఫైల్ లింకులు, ర్యాంకుకి లెక్కించొద్దని గూగుల్‌కి చెప్పే ట్యాగ్ ఉన్న నోఫాలో లింకులైనా పెట్టుకో అన్నా, ఖర్చుండదు.

పాతకాపు:
నోఫాలోతో ఏం లాభం? 2005లో ఆ ట్యాగ్ తెచ్చిందే కామెంట్లలో స్పామ్ లింకులకి విలువ ఇవ్వకుండా ఉండటానికి.

అమీర్‌పేట_కుర్రోడు:
2019 సెప్టెంబర్‌లో మారింది సార్. నోఫాలోని ఇకపై సూచనగా మాత్రమే తీసుకుంటామన్నారు, డబ్బిచ్చిన లింకుకి స్పాన్సర్డ్, పాఠకులు పెట్టిన లింకుకి యూజీసీ అని కొత్త ట్యాగులు రెండు ఇచ్చింది కూడా అప్పుడే. సూచన అంటే కొన్ని లెక్కించవచ్చు అనే కదా.

పాతకాపు:
లెక్కించకపోవచ్చు అని కూడా. ఎక్కడైనా రుజువు ఉంటే చూపించు.

అమీర్‌పేట_కుర్రోడు:
మీ దగ్గర లెక్కించరని రుజువుందా?

వంటింటి_కబుర్లు:
పొద్దుట్నుంచీ నోఫాలో మీదే ఉన్నారు ఇద్దరూ. అడిగినాయన దాని గురించి అడగలేదు.

మిరపచేను:
ఏజెన్సీవాళ్లు ఎక్సెల్ షీట్ పంపారు. 50లో పన్నెండు తెరిచి చూశాను. ఒకటి ఎప్పుడో మూసేసిన స్కూల్ పేరుతో ఉంది, పైన ఇంకా స్కూల్ బిల్డింగ్ ఫోటో ఉంది, కింద అంతా కేసినో. ఒకదాంట్లో ఒకే పేజీలో పళ్ల డాక్టర్, బోర్‌వెల్, లోన్ యాప్, పెళ్లి సంబంధాలు వరసగా ఉన్నాయి. రేటు 8 వేలకి తగ్గిస్తాం, బదులుగా మేం రాసిచ్చే మూడు గెస్ట్ పోస్టులు మీ సైట్‌లో వేయండి అన్నారు. అందులో ఒకటి క్రికెట్ మీద డబ్బు పెట్టి గెలవడం ఎలా అని.

పాతకాపు:
గడువు తీరిన పాత డొమైన్లు (సైట్ పేర్లు) కొని ఇలా వాడటాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ కింద రాసిపెట్టింది. కుర్రోడా, నువ్వు చేసే వ్యాపారం ఇదే. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం.

అమీర్‌పేట_కుర్రోడు:
మాట జాగ్రత్త సార్. నేను ఆ షీట్ తీసుకో అనలేదు, వద్దనే చెప్పాను, పైకెళ్లి చదవండి.

ఇంకో సంగతి. మీరు ఎప్పట్నుంచి రాస్తున్నారు, 2007? ఆ రోజుల్లో కూడలి, హారం, జల్లెడ అని తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైట్లు ఉండేవి, బ్లాగు మొదలుపెడితే చాలు అక్కడ కనపడేది, ఒకరి బ్లాగు పక్కన ఇంకొకరు లింకు పెట్టుకునేవారు. మీకు ఊరికే వచ్చిన లింకులు అవి. ఇప్పుడు కొత్తగా రాసేవాడికి ఎవడిస్తాడు? చదివినవాడు వాట్సాప్‌లో పంపుతాడు, అది గూగుల్‌కి కనపడదు. వీడియో చేసేవాడు చదువుకుని పేరు కూడా చెప్పడు. నా క్లయింట్ ఒకాయన చేనేత మీద రాసిన వ్యాసం మొత్తం ఒక పేపర్‌వాళ్లు ఎత్తేసి కింద "ఇంటర్నెట్ సేకరణ" అని వేశారు. ఫోన్ చేస్తే, మా పేపర్‌లో వచ్చిందని సంతోషించండి అన్నారు. ఒక్క లింకు ఇచ్చి ఉంటే ఆయన నా దగ్గరకి వచ్చేవాడే కాదు. తెలుగులో మంచిది రాస్తే లింకులు వాటంతట అవే వస్తాయని దయచేసి చెప్పకండి. రావు.

పాతకాపు:
నేను ఆ మాట అనలేదు.

అమీర్‌పేట_కుర్రోడు:
మరి దారి చెప్పండి! కొనొద్దు అంటారు, అడిగితే ఇవ్వరు. ఈ మూడేళ్లలో ఆయన సైట్‌కి మీరు ఒక్క లింకు ఇచ్చారా? నేనూ ఇవ్వలేదు. అందుకే డబ్బు మధ్యలోకి వచ్చింది.

వంటింటి_కబుర్లు:
ఆ మూడు పోస్టుల గురించి ఎవరూ మాట్లాడరేం? తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ జూదం మీద నిషేధం తెచ్చారు. అయినా మా తమ్ముడు నాలుగు లక్షలు పోగొట్టుకున్నాడు. వాడు మొట్టమొదట నొక్కిన లింకు ఒక తెలుగు ఆరోగ్య సైట్‌లో షుగర్ వ్యాసం మధ్యలో ఉంది. అమ్మ కోసం చదువుతున్నాడు ఆ వ్యాసం. నాకూ నెలకి రెండు మూడు మెయిల్స్ వస్తాయి, ఒక్క పోస్టుకి ఐదు వేలు ఇస్తామని. నా సైట్‌లో గూగుల్ ప్రకటనలకి (యాడ్సెన్స్) నెలంతా అంత రాదు. అయినా వేయను.

అమీర్‌పేట_కుర్రోడు:
అక్కా, అబద్ధం చెప్పను. మొదటి రెండేళ్లు నేను ఆ మెయిల్సే పంపాను. జీతం 14 వేలు, నెలకి 30 లింకులు టార్గెట్, తెలుగు సైట్ల జాబితా ఇచ్చేవారు. ఎవరి లింకో అడగొద్దనేవారు, చదివేవాళ్లు నొక్కరు, గూగుల్ కోసమే అనేవారు. నేను నమ్మాను. మీ తమ్ముడి సంగతి చదివాక ఆ జాబితాలో ఆరోగ్య సైట్లు ఎన్ని ఉన్నాయో గుర్తుచేసుకుంటున్నాను. ఇప్పుడు జూదం, లోన్ యాప్ ముట్టను. కానీ నిజమైన వ్యాసానికి నిజమైన సైట్‌లో డబ్బిచ్చి చోటు కొనడం తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను.

పాతకాపు:
నేను ఆగేది అక్కడే. గూగుల్ రూలు నాకంత ముఖ్యం కాదు, రేపు మార్చినా మారుస్తుంది. నేను లింకు ఇచ్చానంటే, ఇక్కడికి వెళ్లు, నేను చదివాను, బాగుంది అని నా పాఠకుడికి చెప్పినట్టు. అది డబ్బుకి చెప్పానని వాడికి తెలియకపోతే మోసం. స్పాన్సర్డ్ ట్యాగ్ వేసి, పైన ప్రకటన అని తెలుగులో రాసి అమ్ముకో, నాకు అభ్యంతరం లేదు.

అమీర్‌పేట_కుర్రోడు:
అలా రాస్తే ఎవరూ కొనరు సార్.

పాతకాపు:
అవును. కొనరు.

మరి నేను ఒక్క లింకు ఇవ్వలేదన్నావు, ఆ మాట నిజం. ఎరువుల షాపు ఒకదానికి సైట్ నేనే చూస్తాను, ఓనర్‌ని రేపు అడుగుతాను. తమ్ముడూ, నల్ల తామర వ్యాసం లింకు ఇక్కడ పెట్టు, ముందు చదువుతాను.

మిరపచేను:
పెట్టాను అన్నా. శీర్షిక కూడా ఇప్పుడే మార్చాను, "మిర్చి పూతలో నల్ల తామర పురుగు". నాలుగు వ్యాసాల్లో ఒకదాని నుంచి ఒకదానికి లింకులు కూడా లేవని ఇప్పుడే చూసుకున్నాను, అవీ కలుపుతున్నాను. ఏజెన్సీకి వద్దని చెప్పేశాను.

వంటింటి_కబుర్లు:
నా పండుమిర్చి పచ్చడి పోస్టు కింద ఏ రకం కాయ వాడాలి అని యాభై మంది అడిగారు. మీరు రకాల మీద రాసింది ఉంటే అక్కడ లింకు ఇస్తాను.

అమీర్‌పేట_కుర్రోడు:
అక్కా, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే లింకులు మితిమీరితే అవి కూడా గూగుల్ స్పామ్ జాబితాలో ఉన్నాయి.

వంటింటి_కబుర్లు:
నేను తిరిగి ఇవ్వమని అడగలేదు కదా తమ్ముడూ.