రెండో ప్రపంచయుద్ధం నాటి బుల్లి సబ్‌మెరైన్ ప్లాన్స్ ఎక్కడ దొరుకుతాయి?

బీచ్‌రోడ్_కుర్రాడు:
అందరికీ నమస్తే. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు వైజాగ్‌లో కురుసుర మ్యూజియంకి తీసుకెళ్ళారు, అప్పట్నుంచి సబ్‌మెరైన్లంటే పిచ్చి. కురుసుర 91 మీటర్లు, దాన్ని చిన్నగా చేస్తే డీటెయిల్ అంతా పోతుంది, అందుకే మిడ్జెట్ సబ్‌మెరైన్, అంటే బుల్లి సబ్‌మెరైన్ చేద్దామని ఫిక్స్ అయ్యా, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు వాడిన జేహుంట్. షోకేస్‌లో పెట్టడానికి కాదు, రిమోట్‌తో నిజంగా మునిగి తేలాలి. 1/6 స్కేల్ అనుకుంటున్నా. సమస్య ఏంటంటే నెట్‌లో దొరికేవన్నీ సైడ్ బొమ్మలే, ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది, పైగా ఒకాయన ఒరిజినల్ బ్లూప్రింట్ అని అమ్మితే 900 పెట్టి కొన్నా, తీరా ఓపెన్ చేస్తే ప్లాస్టిక్ కిట్ డబ్బాలో వచ్చే కాగితం స్కాన్ 🤦 ఫ్యాక్టరీ డ్రాయింగ్స్ ఎక్కడ ఉంటాయో ఎవరికైనా తెలుసా? ఫ్రీ అయితే మరీ మంచిది.

పోర్ట్స్‌మౌత్_ప్రసాద్:
తమ్ముడూ 900తో పోయింది సంతోషించు, నేను అంతకన్నా ఎక్కువే తగలేశా. జర్మన్ నేవీ కాగితాలు జర్మనీలో ఫ్రైబుర్గ్‌లోని బుండెస్‌ఆర్కైవ్ (వాళ్ళ ప్రభుత్వ రికార్డుల ఆఫీసు) మిలిటరీ విభాగంలో ఉంటాయి. 1945లో అమెరికన్ నేవీ టెక్నికల్ మిషన్ ఒకటి యూరప్‌కి, ఇంకోటి జపాన్‌కి వెళ్ళి దొరికినవన్నీ పరిశీలించి రిపోర్టులు రాసింది, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతికేటప్పుడు సబ్‌మెరైన్ పేరుతో కాకుండా ఈ మిషన్ల పేరుతో వెతుకు. బ్రిటిష్ వాళ్ళ బుల్లి సబ్‌మెరైన్ ఎక్స్-క్రాఫ్ట్ అయితే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో అడ్మిరాల్టీ (బ్రిటిష్ నేవీ శాఖ) ఫైళ్ళు. ముందు కేటలాగ్ నంబర్ పట్టుకుని తర్వాత కాపీ కోసం మెయిల్ పెట్టు, "జేహుంట్ ప్లాన్స్ పంపండి" అని రాస్తే ఎవడూ పట్టించుకోడు.

ఇంకో మాట, జేహుంట్ చేస్తూ ఎక్స్-క్రాఫ్ట్‌ని వదిలేయకు. 1943 సెప్టెంబర్‌లో బ్రిటిష్ వాళ్ళు నార్వేలో ఉన్న జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్ మీదకి వీటిని పంపారు కదా, మునిగిపోయిన ఎక్స్-6, ఎక్స్-7లని జర్మన్లు పరిశీలించాకే ముందు హెష్ట్ అనే బుల్లి సబ్‌మెరైన్, తర్వాత జేహుంట్ వచ్చాయి. ఇక్కడ ఇంగ్లాండ్‌లో గాస్‌పోర్ట్ మ్యూజియంలో ఎక్స్-24 ఉంది, 1944లో నార్వేలోని బెర్గెన్ రేవులోకి రెండుసార్లు వెళ్ళొచ్చిన పడవ, అది చూశాక నాకు అర్థమైంది ఏంటంటే ఏ డ్రాయింగ్ కన్నా మిగిలిన పడవే గొప్ప ప్లాన్. అమెరికా అంతర్యుద్ధం నాటి సబ్‌మెరైన్ హన్లీ సంగతే చూడు, 1864లో మునిగిన దాని గురించి అందులో పనిచేసిన ఇంజినీరు 1902లో గుర్తున్నంత చెప్పాడు, దాన్ని బట్టి గీసిన బొమ్మ చూసి పాత బాయిలర్‌ని కోసి చేశారనే వందేళ్ళు అందరూ మోడల్స్ చేశారు, 2000లో పైకి తీస్తే అది అసలు బాయిలరే కాదు, సబ్‌మెరైన్ కోసమే ప్రత్యేకంగా కట్టిన నాజూకైన బాడీ. వందేళ్ళ మోడల్స్ అన్నీ తప్పే. జేహుంట్‌లు 285 దాకా కట్టారు, మ్యూజియంలలో మిగిలినవి ఉన్నాయి, ఫోటోలు పక్క నుంచి కాకుండా సరిగ్గా ముందు నుంచి, వెనక నుంచి తీసినవి సంపాదించు.

రిటైర్డ్_ఫిట్టర్:
బాబూ ప్రసాద్ గారు కాగితాల సంగతి చెప్పారు, నేను బరువు సంగతి చెప్తాను. జేహుంట్ 11.9 మీటర్లు, 17 టన్నులు. స్కేల్ తగ్గితే పొడవు ఆరో వంతు అవుతుంది కానీ బరువు 216వ వంతు, అంటే 1/6లో రెండు మీటర్ల బొమ్మ, మునగాలంటే దగ్గర దగ్గర 79 కేజీలు ఉండాలి. ఎవరు మోస్తారు, ఎక్కడ దింపుతారు? 1/12 చెయ్యి, మీటరు పొడవు, పది కేజీలు, భుజాన వేసుకుని వెళ్ళొచ్చు.

ఆ డ్రాయింగ్‌లో సెక్షన్లు ఉన్నాయో లేదో ముందు చూసుకో. సైడ్ వ్యూ చూసి పొట్ట ఎంత లావో తెలీదు, బ్రెడ్ ముక్కల్లా అడ్డంగా కోసిన గీతలు వరసగా ఉంటేనే ఫ్రేములు కొయ్యగలవు. జిరాక్స్ తీసినప్పుడు కాగితం సాగుతుంది కూడా, పొడవు అడ్డం రెండూ స్కేల్ పెట్టి కొలిచి చూడు, మా షాప్‌లో ఈ తప్పుకే ఒక జాబ్ మొత్తం స్క్రాప్ అయింది.

రిమోట్ దగ్గర అందరూ దెబ్బ తింటారు. షాపుల్లో దొరికే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలోకి దిగదు, జానెడు మునగగానే కట్. పాత 40 మెగాహెర్ట్జ్ సెట్ దొరికితే మంచినీళ్ళలో నడుస్తుంది, ఉప్పునీళ్ళలో అదీ పనిచెయ్యదు, కాబట్టి బీచ్ ఆశ వదులుకో. సిగ్నల్ పోతే, మునగడానికి నీళ్ళు నింపే ట్యాంక్ దానంతట అదే ఖాళీ అయ్యి పైకొచ్చేలా పెట్టు, అన్నిటికన్నా ముందు అది చెయ్యి.

వెల్డింగ్_వీరుడు:
నాకు మనిషి కూర్చునేదే కావాలి అన్నా. జర్మన్ల ఒంటి మనిషి సబ్‌మెరైన్ బీబర్ ప్లాన్ దొరికితే మా షెడ్‌లో కట్టేస్తా, ఒక్కడికే కదా, చిన్నదే.

రిటైర్డ్_ఫిట్టర్:
చిన్నదే, కానీ చంపేది. బీబర్‌లో పెట్టింది ఓపెల్ లారీ పెట్రోల్ ఇంజిన్, ఆ పొగకి లోపలే పోయారు నడిపేవాళ్ళు. 1944 డిసెంబర్‌లో ఇంగ్లాండ్‌లోని డోవర్‌కి ఈశాన్యంగా సముద్రంలో ఒకటి ఊరికే తేలుతూ దొరికింది, మూత తీస్తే లోపల మనిషి కార్బన్ మోనాక్సైడ్‌కి చనిపోయి ఉన్నాడు, ఆ పడవే లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంకి చేరింది. ఆ ప్లాన్‌ని ఉన్నదున్నట్టు కడతావా? పది మీటర్ల లోతులో చదరపు సెంటీమీటర్‌కి కేజీ ఒత్తిడి, 60 సెంటీమీటర్ల మూత మీద 2.8 టన్నులు. మీ షెడ్‌లో వెల్డింగ్‌కి ఎక్స్-రే తీస్తారా? నిజంగా కోరిక ఉంటే యుద్ధం పడవలు వదిలెయ్, అమెరికాలో రిటైర్డ్ నేవీ కెప్టెన్ జార్జ్ కిట్రెడ్జ్ కె-250, కె-350 అని బుల్లి సబ్‌మెరైన్లు మామూలు మనుషుల కోసమే డిజైన్ చేశారు, అవి చదువు. చదువు అన్నాను, కట్టమనలేదు.

వెల్డింగ్_వీరుడు:
సరే అన్నా బొమ్మతోనే మొదలెడతా 😬

బీచ్‌రోడ్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. 1/12 ఫైనల్. ఫ్రైబుర్గ్‌కి మెయిల్ రాస్తున్నా, జర్మన్ ట్రాన్స్‌లేటర్‌లో పెడితే "బుల్లి సబ్‌మెరైన్" కాస్తా ఏదో అయ్యింది, ప్రసాద్ అన్నా ఒకసారి చూడవా? టెస్టింగ్ మా పెదనాన్న వాళ్ళ పొలం బావిలో. ఫిట్టర్ గారూ, ఆ దానంతట అదే పైకొచ్చే సిస్టమ్ గురించి కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్, ఎందుకంటే నాకు ఈత రాదు.