కతోలిక ఇంట్లో గే హీరో: పాపసంకీర్తనం సీన్, పెళ్లి, ముగింపు ఎలా రాయాలి?

ఎర్రమట్టి స్క్రిప్ట్:

విశాఖ నేపథ్యంలో ఆరు ఎపిసోడ్ల వెబ్ సిరీస్ రాస్తున్నాం, ఒక్కోటి 35 నిమిషాలు. హీరో పేరు జోసెఫ్, వయసు 27. ఇల్లు జ్ఞానాపురం, ఉద్యోగం ఋషికొండ ఐటీ హిల్ మీద, ఆదివారం పూజలో కీబోర్డు వాయిస్తాడు. గే. దేవుణ్ణి గట్టిగా నమ్ముతాడు, చిక్కంతా అక్కడే.

రెండో ఎపిసోడ్‌లో పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే సంస్కారం) వెళ్లి "ఫాదర్, నేను గే, నన్ను క్షమించండి" అంటాడు. ఫాదర్ ఆ మాట వాళ్లమ్మ చెవిన వేస్తారు. నాలుగో దాంట్లో బలవంతపు పెళ్లి. ఆరో దాంట్లో అదే ఫాదర్ మనసు మారి, రాస్ హిల్ (విశాఖలో మరియమాత గుడి ఉన్న కొండ) మీద జోసెఫ్‌నీ అతను ప్రేమించిన అబ్బాయినీ ఆశీర్వదిస్తారు. నిర్మాత గారికి ఈ ముగింపు నచ్చలేదు. గుడీ ఇల్లూ వదిలేసి బెంగళూరు రైలెక్కితేనే కుర్రకారుకి ఎక్కుతుందంటున్నారు.

మా టీమ్‌లో కతోలికులెవరూ లేరు. బయటి టీవీ డ్రామాలు ఈ ముడిని ఎలా విప్పాయి? మా కథలో ఎక్కడెక్కడ తప్పులున్నాయి? మొహమాటం లేకుండా చెప్పండి.

పాతవూరి బెంచీ:

రెండో ఎపిసోడ్ పూర్తిగా తిరగరాయాలండీ. అందులో రెండు పెద్ద తప్పులున్నాయి.

పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ తల్లికి చెప్పడం మామూలుగా నోరు జారడం కింద పోయేది కాదు. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం 983వ నిబంధన ప్రకారం ఆ రహస్యాన్ని మాటతో గానీ, సైగతో గానీ, మరే రకంగా గానీ బయటపెట్టకూడదు. నేరుగా బయటపెట్టిన గురువుకి (ఫాదర్‌కి) ఎవరూ తీర్పు చెప్పనక్కర్లేకుండానే వెలి పడుతుంది, దాన్ని ఎత్తేసే అధికారం రోముకే ఉంటుంది (2021 సవరణ తర్వాత ఇది 1386వ నిబంధన). అంత పని చేసిన మనిషి ఆరో ఎపిసోడ్‌లో ఏమీ జరగనట్టు వచ్చి ఆశీర్వదిస్తే కతోలిక ప్రేక్షకుడు అక్కడే ఆపేస్తాడు. తల్లికి తెలియడమే మీకు కావాలంటే జోసెఫ్ ఆ మాటను పాపసంకీర్తనంలో కాకుండా విచారణ (స్థానిక చర్చి) ఆఫీసు వరండాలో, మామూలు కబుర్లలో చెప్పేటట్టు రాయండి. దానికి ఆ రహస్య నియమం వర్తించదు. ఫాదర్ నోరు జారితే అది నమ్మకద్రోహమే, కానీ మనిషి చేయగల తప్పు. అటువంటివాడు తర్వాత సిగ్గుపడి మారడానికి వీలుంటుంది.

రెండోది, "నేను గే" అన్నది పాపసంకీర్తనంలో చెప్పుకునే పాపం కాదు. కతోలిక సత్యోపదేశంలో (శ్రీసభ అధికారిక బోధనల పుస్తకం) 2357 నుంచి 2359 వరకు మూడు పేరాలూ చదవండి. మొదటిది క్రియలను తప్పుపడుతుంది, అదీ కఠినమైన మాటలతో. రెండోది ఆ మనుషులను గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలనీ, అన్యాయమైన వివక్ష చూపకూడదనీ అంటుంది. మూడోది బ్రహ్మచర్యం పాటించమంటుంది. ఆకర్షణ ఉండటమే పాపమని ఈ మూడింట్లో ఎక్కడా లేదు. చిన్నప్పట్నుంచి ఉపదేశి దగ్గర పాఠం విన్న జోసెఫ్‌కి ఇది తెలిసుంటుంది. అతను చెప్పుకునేది ఒక పని అయ్యుండాలి: ఆ అబ్బాయితో గడిపిన రాత్రి కావచ్చు, పెళ్లిచూపుల్లో అమ్మాయికి చెప్పిన అబద్ధం కావచ్చు.

సీన్ వరస ఇదీ. సిలువ గుర్తు, చివరిసారి పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్లయిందో, చేసిన పాపాలు, గురువు సలహా, ప్రాయశ్చిత్తం, మనస్తాప జపం, చివర్న పాపక్షమాపణ మాటలు. గురువు మెడలో ఊదా రంగు స్టోల్ ఉండాలి. ఈ వరసలో డ్రామా దాగి ఉన్న చోటు ఒక్కటే: "ఇక మీదట చేయకూడదన్న సంకల్పం ఉందా నాయనా?" అని గురువు అడిగే చోటు. జోసెఫ్ అవునంటే అబద్ధం, కాదంటే క్షమాపణ దొరకదు. అక్కడ కెమెరాని అతని మొహం మీద ఆపండి, డైలాగు అక్కర్లేదు.

దాని ఫలితం ఆదివారం కనబడుతుంది. క్షమాపణ అందనివాడు దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన అప్పం) తీసుకోడు. సత్ప్రసాదం పంచేటప్పుడు వాయించాలి కాబట్టి కీబోర్డు వెనక కొన్ని వారాలు ఎవరికంటా పడకుండా దాక్కోవచ్చు. ఒక ఆదివారం ఎవరో కుర్రాడు "అన్నా, నేను వాయిస్తాను, నువ్వెళ్లి తీసుకో" అంటాడు. వరసలో నిలబడ్డ తల్లి వెనక్కి తిరిగి చూస్తుంది. ఆవిడకి తెలియడానికి ఆ చూపు చాలు, ఫాదర్ చెప్పక్కర్లేదు.

చిన్నవి: ఆయన్ని ఎవరూ "పాస్టర్ గారు" అనకూడదు, ఫాదర్ అనాలి. ఆయనకి పెళ్లాం ఉండదు. విశాఖలో బాప్టిస్టు, లూథరన్ సంఘాలు కూడా ఉన్నాయి గనక మన సినిమావాళ్లు అన్నీ కలిపి ఒకే చర్చి చేసేస్తుంటారు.

సీతమ్మధార సోఫా:

డ్రామాల సంగతి నేను చెప్తాను. టీవీ ఈ విషయాన్ని తెమల్చడానికి ఎక్కువగా రెండు అడ్డదారులు తొక్కుతుంది. ఒకటి మీ నిర్మాత గారిది: గుడి వదలడమే విముక్తి. రెండోది మీది: ఫాదర్ నోట ఒక మంచి మాట, అంతటితో గండం గట్టెక్కినట్టే. రెండింట్లోనూ భక్తి అంటే పాత్ర కాలికి కట్టిన బరువే. ఆ కుర్రాడు ఇన్నాళ్లూ గుడికి ఎందుకు వెళ్తున్నాడో, అక్కడ అతనికి ఏం దొరుకుతోందో ఎవరూ చూపించరు.

చూపించింది 'ఫెలో ట్రావెలర్స్' (2023, ఎనిమిది ఎపిసోడ్లు). టిమ్ లాఫ్లిన్ 1950ల వాషింగ్టన్‌లో, కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ ఆఫీసులో పనిచేసే భక్తిపరుడైన కతోలిక కుర్రాడు. హాకిన్స్ (హాక్) ఫుల్లర్ అనే అధికారిని ప్రేమిస్తాడు. టిమ్‌ని నలిపేసేదీ నిలబెట్టేదీ ఒకే విశ్వాసం, రచన బలం అదే. 1968కి వచ్చేసరికి సెమినరీలో (ఫాదర్ల శిక్షణాలయం) ఉంటాడు, వియత్నాం యుద్ధానికి మనుషుల్ని పంపే కాగితాలు తగలబెట్టిన కతోలికుల్లో ఒకడవుతాడు, జైలుకి పోతాడు. (అదే ఏడాది మే 17న మేరీల్యాండ్‌లోని కాటన్స్‌విల్‌లో తొమ్మిదిమంది కతోలికులు నిజంగానే ఇలాంటి పని చేశారు.) 1980ల్లో ఎయిడ్స్ రోజుల్లోనూ అదే మనిషి. మతమంటే దడుపే ఎరగని హాక్ జీవితమంతా దాక్కుంటే, పాపభయంతో వణికిన టిమ్ నిజం చెప్పడం నేర్చుకుంటాడు. మీ ఆరు ఎపిసోడ్లకి దారి ఇక్కడ దొరుకుతుంది.

కుటుంబం కోణానికి 'వన్ డే ఎట్ ఎ టైమ్' మొదటి సీజన్ (2017). లాస్ ఏంజెలెస్‌లో క్యూబా మూలాలున్న కతోలిక ఇల్లు. మనవరాలు ఎలీనా లెస్బియన్ అని తెలిశాక అమ్మమ్మ లిడియా ఇది దేవుడికి విరుద్ధం అని మొదలుపెట్టి, దేవుడు తప్పు చేయడు కదా, తీర్పు చెప్పడానికి నేనెవర్ని అని పోపుగారే అన్నారు కదా, అంటూ తనలో తనే వాదించుకుని ఒక్క గుక్కలో అవతలి గట్టుకి చేరుతుంది. కామెడీకి బాగుంది, మీ డ్రామాకి మరీ తొందర. తండ్రి మాత్రం కూతురి పదిహేనో పుట్టినరోజు వేడుకలో నాట్యం వేళకి లేకుండా పోతాడు. ఒక్కో మనిషి ఒక్కో వేగంతో మారడం, కొందరు మారకపోవడం అందులో నేర్చుకోవాల్సింది.

'ద రియల్ ఓనీల్స్' (2016–17) షికాగో ఐరిష్ కతోలిక ఇంటి కథ, అందులో కెన్నీ ఊహల్లోకి యేసే వచ్చి మాట్లాడతాడు. మన దగ్గర ఆ సాహసం చేయకండి. 'ద యంగ్ పోప్' (2016)లో కార్డినల్ గుటియెరెస్ పాత్ర చూడండి: గే, తాగుడు అలవాటుంది, అయినా కథలో అతనికి పని ఉంది, న్యూయార్క్ వెళ్లి ఒక ఆర్చిబిషప్ నేరాల మీద దర్యాప్తు చేస్తాడు. జోసెఫ్‌కి కూడా బాధపడటం తప్ప ఇంకో పని ఉండాలి. 'డెర్రీ గర్ల్స్' సరదాకి చూడొచ్చు, మీకు పనికొచ్చేది తక్కువ.

రోజువారీ సీరియల్ ఒరవడి కావాలంటే ఫిలిప్పీన్స్ 'మై హజ్బెండ్స్ లవర్' (2013). కతోలిక దేశం, పెళ్లయిన మగవాడు విన్సెంట్, తిరిగొచ్చిన పాత ప్రేమికుడు ఎరిక్. అసలు బలం భార్య లాలీ పాత్ర. మీ నాలుగో ఎపిసోడ్‌లో పెళ్లికూతురి పేరు కూడా రాయలేదు, గమనించారా? సిరీస్ కాదు గానీ మమ్ముట్టి 'కాతల్' (2023)లో విడాకుల దావా వేసేది భార్యే. ఆ ఒక్క నిర్ణయంతో కథ నిలబడింది.

ఎర్రమట్టి స్క్రిప్ట్:

కీబోర్డు సీన్ తీసేసుకుంటున్నాం, ధన్యవాదాలు. పెళ్లికూతురికి మేరీ సుజాత అని పేరు పెట్టాం. బలవంతపు పెళ్లి విచారణలో ఎలా నడుస్తుంది? తర్వాత విడిపోవాలంటే? ఆశీర్వాదం ముగింపు అసలు జరిగే పనేనా?

ఫైల్ నంబరు లేదు:

పెళ్లి గురించి. విచారణలో పెళ్లి ప్రకటనలు సాధారణంగా మూడు ఆదివారాలు చదువుతారు, అభ్యంతరం తెలిసినవాళ్లు చెప్పాలని. మూడు ఆదివారాలంటే మీకు తేరగా దొరికిన కౌంట్‌డౌన్, వాడుకోండి. దానికంటే ముఖ్యమైంది పెళ్లికి ముందు విచారణ గురువు వధూవరులను విడివిడిగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు. "నీ ఇష్టంతోనే చేసుకుంటున్నావా? ఎవరైనా ఒత్తిడి పెట్టారా?" జవాబులు రాసుకుని సంతకం తీసుకుంటారు. బలవంతం, భయం వల్ల ఇచ్చిన సమ్మతి చెల్లదు (శ్రీసభ చట్టం 1103వ నిబంధన). అందుచేత తాళ్లతో కట్టి లాక్కొచ్చే పెళ్లి రాయకండి. జోసెఫ్ తన చేత్తో అబద్ధం మీద సంతకం పెట్టాలి. అప్పుడు సుజాతకి అన్యాయం చేసింది తల్లి ఒక్కతే కాదు, అతను కూడా.

విడిపోవడానికి రెండు తలుపులు వేరువేరుగా తట్టాలి. శ్రీసభలో విడాకులు లేవు, పెళ్లి మొదట్నుంచీ చెల్లలేదని ప్రకటించడం ఉంది. సుజాత అర్జీ పెడితే ఆధారాలు 1095వ నిబంధన మూడో భాగం (వివాహ బాధ్యతలు మోయలేని మానసిక కారణం) లేదా 1098 (సమ్మతి రాబట్టడానికి చేసిన మోసం). శ్రీసభ న్యాయపీఠంలో ఆ పెళ్లి చెల్లుతుందనే పక్షాన వాదించడానికే ఒక అధికారి ఉంటాడు, అతనికి మంచి పాత్ర రాయొచ్చు. 2015 సంస్కరణల తర్వాత రెండో న్యాయపీఠం కూడా తప్పనిసరిగా ఒప్పుకోవాలన్న నియమం పోయింది. కానీ ఆ తీర్పు కోర్టులో చెల్లదు, సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. కాబట్టి 1869 విడాకుల చట్టం కింద వేరే కేసు వేయాలి. పరస్పర అంగీకారమైతే సెక్షన్ 10ఎ, 2001లో చేర్చారు. శ్రీసభ తీర్పు కాగితం చేతికొచ్చిన రోజే సుజాత రెండో పెళ్లి చేసుకున్నట్టు రాస్తే ఏ లాయరైనా నవ్వుతాడు.

మూడు కొండల మలుపు:

ఆశీర్వాదం జరిగే పనే, మీరు రాసుకున్న పద్ధతిలో మాత్రం కాదు. 2021లో వాటికన్ కుదరదంది. 2023 డిసెంబర్ 18న 'ఫిదూచియా సుప్లికాన్స్' అనే ప్రకటనతో కొంత తలుపు తీసింది. షరతులున్నాయి: పూజావిధి ఉండకూడదు, రాసిపెట్టుకున్న ప్రార్థన ఉండకూడదు, పెళ్లి బట్టలు, పెళ్లి సైగలు, పెళ్లి మాటలు ఉండకూడదు, పౌర వివాహ వేడుకతో ముడిపెట్టకూడదు. ఆఖరిది మన దగ్గర ఎలాగూ లేదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ 2018 సెప్టెంబర్ 6న సడలినా, 2023 అక్టోబర్ 17 సుప్రీంకోర్టు తీర్పులో పెళ్లి హక్కు రాలేదు. 2024 జనవరి 4న వాటికన్ ఇంకా విడమర్చింది: పది పదిహేను సెకన్ల ఆశీర్వాదం, బంధాన్ని ఒప్పుకున్నట్టు కాదు. వారం తిరిగేసరికి ఆఫ్రికా బిషప్పులు మా దగ్గర ఇది కుదరదన్నారు. కాబట్టి మీ ఫాదర్‌కి దడ ఉండటం సహజమే.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. ఇలాంటి ఆశీర్వాదానికి తగిన సందర్భాలని ఆ ప్రకటనే చెప్పిన వాటిల్లో పుణ్యక్షేత్ర దర్శనం, యాత్ర ఉన్నాయి. రాస్ హిల్ మరియమాత గుడికి డిసెంబర్ 8 పండుగకి జనం ఎలా ఎక్కుతారో తెలుసు కదా. ఆ రద్దీలో, గుడి బయట, ఫాదర్ ముందుకి వచ్చిన ప్రతివాళ్ల తల మీదా చెయ్యి పెడుతుంటారు. జోసెఫ్, ఆ అబ్బాయి పక్కపక్కన వచ్చి నిలబడతారు. పది సెకన్లు. వెనక నుంచి జనం తోస్తుంటారు. సంగీతం పెంచకండి. దాంతో ఏదీ తీరిపోదు, సోమవారం కోర్టు వాయిదా ఉంటుంది, వచ్చే ఆదివారం సత్ప్రసాదం ప్రశ్న అలాగే ఉంటుంది.

పాతవూరి బెంచీ గారితో ఒక్కచోట విభేదిస్తాను. జోసెఫ్‌కి సత్యోపదేశం పేరాలన్నీ తెలుసుంటాయని నేననుకోను. చాలామంది కుర్రాళ్లకి తెలిసింది ఇంట్లో విన్న తిట్లే. అతను ఆ రెండో పేరా మొదటిసారి చదివేది మూడో ఎపిసోడ్‌లో అయితే ఇంకా బలం.

షూటింగ్ మాట. గుడి లోపల తీయాలంటే విచారణ గురువుల నోటిమాట మీద ఆధారపడకండి, అగ్రపీఠం (ఆర్చిబిషప్ కార్యాలయం) నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, స్క్రిప్టు దాచకుండా ఇవ్వండి. దాచి తీశాక గొడవైతే పోయేది ఆ ఫాదర్ పరువు. దొరక్కపోతే లోపలి భాగం సెట్ వేయండి: బలిపీఠం, సత్ప్రసాద పేటిక, దాని పక్కన వెలిగే ఎర్ర దీపం, గోడల మీద 14 సిలువమార్గం బొమ్మలు. ఓటీటీకి ముందస్తు సెన్సారు లేదు, 2021 నియమాల కింద ప్లాట్‌ఫామే రేటింగ్ ఇస్తుంది. కానీ కావాలని, దురుద్దేశంతో మతాన్ని కించపరిచారంటే భారతీయ న్యాయ సంహిత 299 ఉంది, మూడేళ్ల వరకు జైలు. అందుకే ఒక పని అసలు చేయొద్దు: అప్పం కింద పడే షాట్ గానీ, జేబులో వేసుకునే షాట్ గానీ. నటులకి ఇచ్చేది పూజలో పెట్టని ఉత్త అప్పమే అయినా, తెర మీద చూసేవాళ్లకి ఆ తేడా తెలియదు.