కొడుకుని వదలకుండా ముగ్గురం కలిసి ఉండే తాత్కాలిక వసతి దొరుకుతుందా?

ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి 7 వారాలుగా నేనూ ఇద్దరు పిల్లలూ స్నేహితురాలి హాల్లో పడుకుంటున్నాం. ఆ ఇంట్లోవాళ్లు లేవకముందే దుప్పట్లు మడిచి సోఫా వెనక దాచేస్తాను. ఒంటరి తల్లుల వసతి ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. 2 ఏళ్ల వరకు ఉండొచ్చట, ఉద్యోగం వెతకడానికి, పొదుపుకి కేస్ వర్కర్ (మన అవసరాలు చూసే అక్కడి ఉద్యోగి) సాయం చేస్తారట. అంతా బాగుంది, కానీ 12 దాటిన మగపిల్లల్ని తీసుకోరట. మావాడికి 13. వాణ్ణి వదిలి ఎలా వెళ్తాను?

కుటుంబం మొత్తానికి విడి గది ఇచ్చే చోట్లు ఎలా వెతకాలి? చేరేముందు కాగితం మీద ఏమేం రాయించుకోవాలి? గడువు అయిపోయేలోపు అద్దె ఇల్లు దొరక్కపోతే బయటికి పంపేస్తారా? అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. అలాంటి చోట ఉండి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. వాడేమో "నేను మామయ్య దగ్గరుంటాలే అమ్మా, మీరెళ్లండి" అంటున్నాడు.