వీ-క్రాస్ ముందు సస్పెన్షన్: రిజర్వాయర్ కాయిలోవరా, మామూలు స్ట్రట్ కిట్టా?

గుడిసె_గాలి: బండి ఇసుజు వీ-క్రాస్, 1.9 డీజిల్, ఫోర్ బై ఫోర్. ఉండేది రాజమండ్రి. సెలవు దొరికితే మారేడుమిల్లి, గుడిసె, అప్పుడప్పుడు వంజంగి. ముందు షాక్స్ పని అయిపోయింది, బ్రేక్ కొడితే ముక్కు కిందికి వంగుతోంది, గుంతలో పడితే డబ్ మని చప్పుడు. ఒక షాపతను రిజర్వాయర్ ఉన్న 2.5 అంగుళాల కాయిలోవర్లు (షాక్ చుట్టూ స్ప్రింగ్, పక్కన అదనపు నూనె పట్టే చిన్న ట్యాంకు ఉండేవి) తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు, ఆ రేటు ఇంట్లో చెప్పే ధైర్యం నాకైతే లేదు. ఇంకొకతను ట్విన్ ట్యూబ్ షాక్ (గొట్టంలో గొట్టం ఉండే మామూలు రకం), 40 ఎంఎం ఎత్తు పెంచే స్ప్రింగ్ వేసుకుంటే సరిపోతుందంటున్నాడు. వాడి చూసినవాళ్లు చెప్పండి. బ్రాండ్ పేర్లు మాత్రమే రాసి వెళ్లిపోకండి, ఎందుకో కూడా రాయండి.

డెసర్ట్_తెలుగోడు: నేనుండేది అమెరికాలో ఫీనిక్స్, నా బండి టొయోటా టకోమా. ఒకసారే ఖర్చు పెట్టి రిజర్వాయర్ ఉన్నవే తీసుకో బ్రో. ఇక్కడ క్రౌన్ కింగ్ వైపు మట్టి రోడ్డంతా ఒకదాని వెంట ఒకటి చిన్న చిన్న గతుకులే, దాని మీద గంటకు 60 కిలోమీటర్లతో అరగంట పోతే మామూలు షాక్‌లో నూనె కాగిపోయి నురగ కడుతుంది, ఆ తర్వాత అది షాకే కాదు, ఉత్త ఇనప గొట్టం. మోనోట్యూబ్‌లో (ఒకటే గొట్టం ఉండే షాక్) నూనెను, గ్యాసును ఒక పిస్టన్ విడదీస్తుంది కాబట్టి ఆ గోల ఉండదు, పక్కన రిజర్వాయర్ ఉంటే నూనె ఎక్కువ పడుతుంది, వేడెక్కడానికి టైం పడుతుంది. టొయోటా వాళ్లే 2017 నుంచి టకోమా టీఆర్‌డీ ప్రోకి 2.5 అంగుళాల ఫాక్స్ షాక్స్ పెట్టి అమ్మారు. ఊరికే పెట్టరు కదా.

కమాన్‌కట్ట: పెట్టింది నిజమే సార్, కానీ ఎడారిలో స్పీడుగా పోవడానికి పెట్టారు. ఈయన వెళ్లేది గుడిసె. ఆ దారిలో లో రేంజ్ (లాగే బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే ఫోర్ బై ఫోర్ గేరు), ఫస్ట్ గేరు, నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ స్పీడు. షాక్‌కి వేడి పుట్టేది పిస్టన్ ఎంత వేగంగా ఆడితే అంత, కొండ ఎంత నిటారుగా ఉందన్నది దానికి అనవసరం. నాకు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉంది, ముందు సస్పెన్షన్ విప్పడమే రోజూ పని. అసలు వీ-క్రాస్‌కి కంపెనీ ఇచ్చిన ముందు సెటప్‌లో కూడా స్ప్రింగ్ షాక్ చుట్టూనే ఉంటుంది, డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి పట్టుకునే ఆర్మ్‌లు). కొత్త కిట్టులో మారేది షాక్ లావు, వాల్వింగ్ (లోపల నూనె పారే దారుల అమరిక), ఎత్తు సరిచేసుకునే మర కాలర్. కాలర్ ఉంటే మంచిదే. కానీ రెండు వర్షాకాలాలు ఎర్రబురదలో తిరిగి, కడగకుండా వదిలేసిన బండి తెచ్చి "అన్నా, అర అంగుళం దింపు" అంటారు చూడండి, అప్పుడు ఆ అల్యూమినియం మరలు పట్టేసుకుని ఉంటాయి, స్పానర్ పెట్టినా సుత్తి పెట్టినా కదలదు.

సముద్రం_పక్కన: వైజాగ్‌లో బీచ్‌కి దగ్గర ఇల్లు నాది. కమాన్‌కట్ట గారు బురద గురించి చెప్పారు, ఉప్పు గాలి ఇంకా ఘోరం. ఖరీదైన అప్పర్ ఆర్మ్‌లలో రబ్బరు బూటు లేకుండా బయటికి కనబడే గోళాకారపు బేరింగులు వస్తాయి, ఫొటోలో అదిరిపోతాయి, ఇక్కడ ఏడాది తిరగక ముందే కీచుమంటాయి. ఆర్మ్ మార్చేటట్టైతే బూటు ఉన్న బాల్ జాయింటే తీసుకోండి.

డెసర్ట్_తెలుగోడు: సర్వీస్ చేసుకోవచ్చు కదా అన్నా! వీటి గొప్పతనమే అది. సీల్ పోతే సీల్, నూనె పాడైతే నూనె, మళ్లీ నైట్రోజన్ నింపితే కొత్తదే. మామూలు షాక్ పోతే పారేయాలి.

లో_రేంజ్: ఎక్కడ నింపిస్తాడు? రాజమండ్రిలోనా? చాలా రేస్ షాక్స్‌కి నైట్రోజన్ దాదాపు 200 పీఎస్ఐ పెట్టాలి, టైర్లకు కొట్టే షాపులో ఆ పని జరగదు, దానికి వేరే సిలిండరు, రెగ్యులేటరు, సూది కావాలి. సీల్ కిట్టు బయటి నుంచి తెప్పించుకోవాలి. పార్సిల్ వచ్చేదాకా బండి స్టాండ్ల మీద నిలబడి ఉంటుంది. మీకు అక్కడ పక్క వీధిలో షాపు ఉంది కాబట్టి అది సుఖం, ఈయనకు అదే తలనొప్పి. మా హైదరాబాదులో కూడా ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఇంకో సంగతి ఎవరూ రాయలేదు. మోనోట్యూబ్‌లో పిస్టన్ నేరుగా బయటి గొట్టం లోపలి గోడనే రాసుకుంటూ పోతుంది. రాయి తగిలి సొట్ట పడిందంటే షాక్ అక్కడే బిగుసుకుంటుంది. ట్విన్ ట్యూబ్‌లో బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలిది ఆడుతూనే ఉంటుంది, ఇంటికి చేరతావు.

గుడిసె_గాలి: మరి ఎత్తు సంగతి? రెండున్నర అంగుళాలు పెంచుకోవచ్చని మొదటి షాపతను ఊరిస్తున్నాడు.

కమాన్‌కట్ట: వద్దు బాబూ. 40, మహా అయితే 50 ఎంఎం దగ్గర ఆగు. అది దాటితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు వంకరగా తిరిగి బూట్లు చిరుగుతాయి, క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా నిలిపే వాలు) తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, హైవే మీద బండి తిన్నగా పోనని మొరాయిస్తుంది, దాన్ని సరిచేయడానికి మళ్లీ అప్పర్ ఆర్మ్‌ల ఖర్చు. పైగా ముందు ఎంత లేపినా, వెనక కమాన్ కట్టలు ఎంత పెంచినా వెనక ఇరుసు మధ్యలోని గుండు ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే దాని ఎత్తు టైరు సైజుని బట్టే. గుడిసె దారిలో రాయికి మొదట తగిలేది ఆ గుండే కదా.

డెసర్ట్_తెలుగోడు: ఎత్తు విషయంలో ఒప్పుకుంటా. నా టకోమాలో షాక్ పైన పావు అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర అర అంగుళం వస్తుంది. కొంచెమే కదా అని కాలర్ తిప్పుకుంటూ పోయేవాళ్లను చాలామందిని చూశా. కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని వాళ్ల నమ్మకం. మామూలు లీనియర్ స్ప్రింగ్ (అంతటా ఒకే గట్టిదనం ఉండేది) అయితే ఆ గట్టిదనం ఏమీ మారదు, బండి పైకి లేస్తుంది, అంతే. ఆ లేచిన మేరకు చక్రం కిందికి జారే దూరం తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే టక్ మని కొట్టుకునేది అందుకే. కానీ షాక్ విషయంలో నా మాట మార్చను. ఒకప్పటి నూనె డబ్బాలకే అతుక్కుపోతే ఎలా?

లో_రేంజ్: మీరు వేడి గురించే మాట్లాడుతున్నారు, మేము దారి గురించి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాకా తారు రోడ్డే కదా సార్, కాగేది ఏముంది. ఇతనికి కావాల్సింది సరిపడా స్ప్రింగ్. దానికి తగ్గ షాక్ ఏ మంచి కంపెనీదైనా ఒకటే. ఓల్డ్ మ్యాన్ ఈమూ, టఫ్ డాగ్, డాబిన్సన్స్, ఐరన్‌మ్యాన్ అన్నీ ఆస్ట్రేలియావి, ప్రొఫెండర్ థాయిలాండ్‌ది. డీ-మ్యాక్స్ (మన వీ-క్రాస్ దాని రకమే) ఆ రెండు దేశాల్లో విపరీతంగా తిరుగుతుంది కాబట్టి ఈ బండికి కిట్టులు వెతకడం కష్టం కాదు. మన బండి శ్రీసిటీలో తయారైనా కిట్టులు మాత్రం అక్కణ్ణుంచే రావాలి, అదొక విచిత్రం. ఐరన్‌మ్యాన్ ఫోమ్ సెల్ రకం కూడా చూడు, అందులో గ్యాసు బదులు ఫోమ్ ఉంటుంది, ట్విన్ ట్యూబే అయినా నురగ సమస్య తక్కువ.

సముద్రం_పక్కన: స్ప్రింగ్ అంటే గుర్తొచ్చింది. షాపులో "హెవీ వేసేస్తా సార్, ఎప్పుడైనా బంపరు, వించ్ పెట్టుకుంటారు కదా" అంటారు (వించ్ అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం). ఆ రెండూ కలిపి ముక్కు మీద దాదాపు 100 కిలోలు. అవి లేకుండా హెవీ వేస్తే ఖాళీ బండి గేదెల బండిలా ఎగురుతుంది. పైగా బుల్ బార్లను 2017 డిసెంబరులోనే కేంద్రం కాదంది. సుప్రీంకోర్టు 2019 తీర్పు తర్వాత కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా ఏం మార్చినా అడిగే హక్కు ఆర్టీఓకి ఉంది. అందుకే నేను ఎత్తు తక్కువగా, బయటికి పెద్దగా కనబడకుండా ఉంచుకున్నా. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర వాదించే ఓపిక నాకు లేదు.

గుడిసె_గాలి: బంపరు కంపెనీదే, వించ్ లేదు, పెట్టే ఆలోచన కూడా లేదు. వెనక తొట్టిలో టెంటు, గ్యాస్ స్టవ్వు, నీళ్ల డబ్బాలు, ఇద్దరు పిల్లల సామాను. మామూలు రోజుల్లో ఖాళీ. అంటే ముందు స్టాండర్డ్ స్ప్రింగ్, ట్విన్ ట్యూబా?

కమాన్‌కట్ట: ముందు సంగతి అంతే. వెనక కూడా అదే కంపెనీ షాకులు జతగా మార్చు, ముందొకటి వెనకొకటి వద్దు. కమాన్ కట్టలు సాగిపోకుండా ఉంటే అలాగే ఉంచు, బుష్‌లు మాత్రం మార్పించు. అలైన్‌మెంట్ బిగించిన రోజు ఒకసారి, స్ప్రింగ్ కుదురుకున్నాక ఇంకోసారి. హెడ్‌లైట్ పైకి లేస్తుంది, అది కూడా దించమను, లేకపోతే ఎదురుగా వచ్చే లారీ వాళ్లు తిట్టే తిట్లకి అంతుండదు.

డెసర్ట్_తెలుగోడు: సరే, మీ ఊరు మీ దారి. రేపు రాజస్థాన్ ట్రిప్ వేస్తే మళ్లీ ఇక్కడికే వస్తావు, అప్పుడు మాట్లాడుకుందాం.

లో_రేంజ్: ఆ ట్రిప్ వేసినప్పుడు చూద్దాంలే సార్. గుడిసె_గాలీ, ఆర్డర్ పెట్టే ముందు ధర్మకాంటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం చీటీ తీసుకో. ట్యాంకు నిండా డీజిల్, ముందు సీట్లలో మనుషులు ఉండాలి. ఆ అంకె పంపితే ఏ స్ప్రింగ్ వేయాలో డీలరే చెబుతాడు.

గుడిసె_గాలి: ఆదివారం మా ఆవిడను కూడా తూకానికి రమ్మంటే ఏమంటుందో చూడాలి. చీటీ ఫొటో ఇక్కడ పెడతా.