జపాన్ చెక్క గిన్నెలో మన చారు పోసుకోవచ్చా?

జపాన్‌లోని కనజావా ఊరికి వచ్చి ఏడాది దాటింది. ఇక్కడ మిసో సూపుకి (పులియబెట్టిన సోయా ముద్దతో చేసేది) చెంచా ఉండదు, గిన్నె ఎత్తి తాగడమే. స్టీలుదైతే చెయ్యి చుర్రుమనేది. ఈ చెక్క గిన్నె లోపల పొగలు కక్కుతున్నా బయట గోరువెచ్చగానే ఉంటుంది. ఆ సుఖం మరిగి, రెండు కొందామని కొట్టుకెళ్లాను.

అక్కడే చిక్కొచ్చింది. ఒకటి చెక్క మీద అసలు ఉరుషి పూత, అంటే చెట్టు జిగురుతో వేసేది. ఇంకోటి చెక్కే గానీ యురేథేన్ అనే కృత్రిమ పూత. మూడోది ప్లాస్టిక్. చూపుకి మూడూ ఒకటే, లేబుల్ చదివితేనే తెలుస్తుంది. ధరలకి మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా! ఉరుషిని మైక్రోవేవ్‌లో, డిష్‌వాషర్‌లో పెట్టకూడదని తెలుసు. చేత్తో కడిగి మెత్తటి గుడ్డతో తుడుచుకోవడం నాకేం కష్టం కాదు.

నా టెన్షన్ చారు గురించి. చింతపండు పులుపు, పసుపు, పోపు నూనె రోజూ తగిలితే ఎర్ర పూత పాడవుతుందా? సలసలా కాగేది పోస్తే పూత తెల్లబారుతుందంటారు, మరి ఎంత చల్లారాక పోయాలి? 12 సెంటీమీటర్ల వెడల్పు గిన్నె ఒకరికి సరిపోతుందా?

మూతది తీసుకోవాలా వద్దా అన్నది ఇంకో అనుమానం. మొన్న హోటల్లో సూపు చల్లారి మూత బిగుసుకుపోతే, వడ్డించే ఆవిడ గిన్నె అంచుల్ని రెండు వైపులా మెల్లగా నొక్కి టక్కున తీసేసింది. వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.