నెలసరి నొప్పికి ధ్యానం: మాత్రకు తోడా, బదులా?

హాస్టల్ వార్డెన్:
మా జూనియర్ కళాశాల హాస్టల్లో నెలసరి నొప్పితో పిల్లలు తరగతులు మానేస్తున్నారు. మాత్రలు ఇవ్వడం తగ్గించి, రోజూ పావుగంట శ్వాస మీద ధ్యాస పెట్టించాలని యాజమాన్యం అంటోంది. ఈ నొప్పికి వాడే మెఫెనమిక్ ఆమ్లం మాత్ర గురించి 2023 చివర్లో, మందుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది కనుక నాకూ ఇదే మేలనిపిస్తోంది. మీరేమంటారు?

యోగా శిక్షకురాలు:
తప్పకుండా మొదలుపెట్టండి మేడమ్. తేదీ దగ్గర పడుతుంటేనే పొట్ట బిగబట్టి, పళ్లు బిగించి కూర్చునే పిల్లలను చూస్తుంటాను. నొప్పికి ఆ భయం తోడైతే రెండూ పెరుగుతాయి. 1979లో ధ్యాన గురువు జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టింది దీర్ఘకాలిక నొప్పులున్నవారి కోసమే.

స్టాఫ్ నర్సు:
ఆ శిక్షణ వైద్యానికి తోడుగా పెట్టినది, వైద్యం మాన్పించడానికి కాదు. ధ్యానం వద్దనను, 'మాత్రలు తగ్గించి' అన్న మాటకే నా అభ్యంతరం. గర్భాశయం లోపలి పొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల కండరం గట్టిగా ముడుచుకుంటుంది, నొప్పి అక్కడ పుడుతుంది. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వాటి తయారీనే తగ్గిస్తాయి కాబట్టి నొప్పి మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. ముందు ధ్యానం చేయి, తగ్గకపోతే చూద్దాం అంటే ఆ సమయమే చేజారుతుంది. వాంతులు చేసుకుంటూ మంచం మీద ముడుచుకుపోయిన పిల్లకు శ్వాసను గమనించమని చెప్పడం న్యాయమా? ఇళ్లలో తరతరాలుగా 'ఆడపిల్లవు, ఓర్చుకో' అంటూనే ఉన్నారు. హాస్టల్ కూడా అదే మాటను కొత్త పేరుతో చెబితే ఆ పిల్ల ఇంకెవరికి చెప్పుకోవాలి?

ఇక ఆ హెచ్చరిక అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ గురించి. జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి. కడుపులో పుండు, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందే అడగాలి. అంతేగాని అందరూ నొప్పి భరించాలని దాని అర్థం కాదు.

యోగా శిక్షకురాలు:
మాత్ర మాన్పించమని నేనూ అనను. కానీ పరీక్షల ఒత్తిడికి, నిద్ర పట్టకపోవడానికి మాత్ర ఏం చేస్తుంది? అక్కడ ఈ సాధన అవసరమే.

స్టాఫ్ నర్సు:
అక్కడ మీతో ఏకీభవిస్తాను, ఇష్టమున్న పిల్లలకైతే. కానీ నెలనెలా నొప్పి పెరుగుతున్నా, మాత్రకూ లొంగకపోయినా, నెలసరి లేని రోజుల్లోనూ పొత్తికడుపు నొస్తున్నా ఎండోమెట్రియోసిస్ కావచ్చు, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు. వార్డెన్ గారూ, అలాంటి పిల్లలను స్త్రీల వైద్యులకు చూపించే ఏర్పాటు మీ హాస్టల్లో ఉందా?