పక్క బాబుది 960 గ్రాములు, మా పాపది 1,180. యాంటీబయాటిక్ మా పాపకే ఎందుకు?

పేట అమ్మాయి (బుధవారం)

అందరికీ నమస్కారం. శనివారం రాత్రి తొమ్మిదింటికి గిన్నెలు కడుగుతుంటే చీర తడిసింది. మూత్రమే అనుకున్నా. అత్తయ్య కూడా "బిడ్డ తంతే అలాగే అవుతుందిలే, పడుకో" అన్నారు. గుడ్డ పెట్టుకుని పడుకున్నా. ఆదివారం సాయంత్రానికి నడుం నొప్పి, చలిజ్వరం. నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లేసరికి ఉమ్మనీరు పోతోందన్నారు. సోమవారం తెల్లవారుజామున మూడింటికి నార్మల్ కాన్పు. 29 వారాలకే. పాప, 1,180 గ్రాములు.

పుట్టిన గంటలోపే రక్తం తీసి యాంటీబయాటిక్ మొదలెట్టారు. పక్క వార్మర్‌లో, అదే బిడ్డని వెచ్చగా ఉంచే మంచంలో, ఉన్న బాబుదీ 29 వారాలే, బరువు 960 గ్రాములు. వాళ్లమ్మకి బీపీ బాగా పెరిగిందని నొప్పులు రాకముందే ఆపరేషన్ చేశారట. ఆ బాబుకి ఒక్క డోసు కూడా వెయ్యలేదు! చిన్న బిడ్డకి కదా ఎక్కువ భయం ఉండాల్సింది?

ఇంకోటి, ఈరోజు కల్చర్‌లో, అంటే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షలో, ఏమీ పెరగలేదని మా పాపకి మందు ఆపేశారు. సగం కోర్సులో ఆపొచ్చా? డాక్టరుగారు చెప్పారు గానీ ఏడుపులో నా బుర్రకెక్కలేదు. ఆ రాత్రే నేను వెళ్లి ఉంటే ఇదంతా ఉండేది కాదా?

బుజ్జి వాళ్లమ్మ

ఏం భయపడకు తల్లీ, ఏడో నెల బిడ్డ బతుకుతుంది. ఎనిమిదో నెల బిడ్డతోనే కష్టం అనేవారు మా నాయనమ్మ.

నైట్ డ్యూటీ అక్క

బుజ్జి వాళ్లమ్మగారూ, ఆ మాట ఎక్కడ పుట్టిందో గానీ దాన్ని వదిలేయండి. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకి లాభమే.

చెల్లీ, నేను పిల్లల ఐసీయూలో పదిహేడేళ్లుగా నర్సుని. పుట్టిన మూడు రోజుల్లోపు రక్తంలో ఇన్‌ఫెక్షన్ అంటే అది చాలావరకు తల్లి దగ్గర నుంచి, కాన్పు దారిలోంచి పైకి పాకి వచ్చింది. అందుకే మేము కేస్ షీటులో ముందు తూకం చూడం. ఉమ్మనీరు ఎన్ని గంటల ముందు పోయింది, తల్లికి జ్వరం వచ్చిందా, నీళ్లు వాసన వచ్చాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా, ఇవి చూస్తాం. నీరు పోయి 18 గంటలు దాటితే చాలు, మాకు అనుమానం. నీకు 30. పైగా జ్వరం. పక్క బాబుకి ఉమ్మనీటి సంచి ఆపరేషన్ బల్ల మీదే తెరిచారు. తాళం పగలని ఇంట్లో దొంగ ఎలా దూరతాడు? బీపీ వల్ల ముందే తీసిన బిడ్డ బాగా కదులుతూ ఉంటే చాలా చోట్ల మందు వెయ్యకుండా కనిపెట్టుకుని ఉంటారు.

అలాగని బరువు, వారాలు లెక్కలోకి రావని కాదు. తల్లి నుంచి రోగనిరోధక శక్తి ఎక్కువగా చేరేది చివరి నెలల్లోనే. 29 వారాల బిడ్డకి అందింది కొంచెమే. చర్మం ఎలా ఉంటుందంటే, ప్లాస్టర్ గట్టిగా లాగితే ఊడొస్తుంది. మీ పాప ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఒక టీ గ్లాసుడు. అందులోంచి కల్చర్‌కి ఒక మిల్లీలీటరు తీయాలి, అదీ మొదటి డోసు పడకముందే. నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.

ఆ రాత్రే వెళ్లి ఉంటే బాగుండేదా అంటే, బాగుండేది. అబద్ధం చెప్పను. నీకు యాంటీబయాటిక్, బిడ్డ ఊపిరితిత్తులకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ముందే మొదలయ్యేవి. కానీ నీరు పోయాకే ఇన్‌ఫెక్షన్ వస్తుందని లేదు. లోపల అప్పటికే ఉండబట్టి సంచి పగలడం కూడా జరుగుతుంది. గిన్నెలు కడిగితే పగలదు. ఒకటి అడుగుతా, అంతకుముందు మూత్రంలో మంట గానీ, తెల్లబట్ట గానీ ఉందా?

పిల్లల డాక్టర్

సగం కోర్సు అన్న మాట ఇక్కడ కుదరదమ్మా. మొదలుపెట్టింది అనుమానం మీద. కల్చర్‌లో 36 నుంచి 48 గంటల్లో ఏమీ పెరగక, బిడ్డ హుషారుగా ఉంటే ఆపేయడమే సరి. ఊరికే రోజుల తరబడి వేస్తే ఇంత చిన్న పిల్లల్లో పేగులు దెబ్బతినే జబ్బు పెరుగుతుంది. మన దగ్గర ఇంకో బాధ ఉంది. 2011-14 మధ్య ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో చూస్తే, అప్పుడే పుట్టిన పిల్లల రక్తంలో ఇన్‌ఫెక్షన్లలో దాదాపు మూడింట రెండొంతులు మొదటి 72 గంటల్లోనే వచ్చాయి. దొరికిన క్రిముల్లో సగానికి పైగా ఎసినెటోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ కోలై. వాటిలో చాలావరకు మందులకు లొంగనివి. అమెరికాలో ఎక్కువగా భయపడే గ్రూప్ బి స్ట్రెప్ అనే క్రిమి ఢిల్లీలో అంతగా కనబడలేదు. మందు ఊరికే వాడేకొద్దీ ఇలాంటి మొండి క్రిములు పెరుగుతాయి, అందుకే అవసరం తీరగానే ఆపేస్తాం.

పేట అమ్మాయి (శనివారం)

అక్కా, మంట ఉంది. పది రోజులు. ఎండాకాలం కదా, వేడి చేసిందని మజ్జిగ, బార్లీ నీళ్లు తాగా. ఎవరికీ చెప్పలేదు. ఈరోజు డాక్టరుగారికి చెప్పేశా. నాకు మూత్రం టెస్ట్ రాశారు.

పాప బాగుంది. ముర్రుపాలు పిండి ఇస్తే గొట్టంలోంచి రెండు మిల్లీలీటర్లు పోశారు. నిన్న గుండెల మీద గంట సేపు పడుకోబెట్టారు, కంగారూ కేర్ అట. పిచ్చుకంత బరువు.

పక్క బాబుకి మాత్రం ఇవాళ ఊపిరి ఆగి ఆగి వస్తోందని మందులు మొదలెట్టారు. వాళ్లమ్మ ముఖం చూడలేకపోయా. తాళం పగలలేదన్నారు కదక్కా?

నైట్ డ్యూటీ అక్క

అది పుట్టుకతో వచ్చింది కాకపోవచ్చు చెల్లీ. మూడు రోజులు దాటాక మొదలైతే, మేము ముందు సూదుల వైపు, గొట్టాల వైపు, మా చేతుల వైపే చూసుకుంటాం. ఆ తల్లికి చెప్పు, బాబు కోసం పాలు పిండడం ఆపొద్దని.

నువ్వు లోపలికి వెళ్లేటప్పుడు గాజులు తీస్తున్నావా?

పేట అమ్మాయి

బాలింత చేతులు బోసిగా ఉండకూడదని అత్తయ్య తీయనివ్వలేదు. మోచేతి వైపు ఎగలాక్కుని కడుక్కుంటున్నా.

నైట్ డ్యూటీ అక్క

జారిపోతాయి. మీ అత్తయ్యగారితో నేను మాట్లాడతా, ఆవిడకి ఫోనివ్వు.